ప్రీఆంప్ పెడల్‌ను లూప్ రిటర్న్‌లో కలిపితే మోత తగ్గించడం ఎలా?

ప్రశ్న (నల్లకుంట, హైదరాబాద్):
నమస్కారం. నా దగ్గర 40 వాట్ల వాల్వ్ గిటార్ ఆంప్ ఉంది. కొత్తగా కొన్న ప్రీఆంప్ పెడల్‌ను ఆంప్ ముందున్న ఇన్‌పుట్‌లో కలిపితే స్వరం మొద్దుబారింది కనుక, వెనుకనున్న ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్‌లో (బయటి సంకేతాన్ని నేరుగా ఆంప్ చివరి దశలోకి పంపే జాక్) కలిపాను. స్వరం ఎంతో బాగుంది గానీ, పెడల్ లెవెల్ నాబ్‌ను సున్నా నుంచి వెంట్రుకవాసి కదిపితే చాలు, గది దద్దరిల్లుతోంది. ఆంప్ మాస్టర్ వాల్యూమ్‌ను ఎటు తిప్పినా తేడా లేదు. మాది అపార్ట్‌మెంట్, పక్క వాటాలో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. స్వరం చెడకుండా మోత తగ్గించే మార్గం దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
మీ ఆంప్‌లో లోపమేమీ లేదండీ. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పవర్ ఆంప్‌ను (స్పీకర్‌ను నడిపే చివరి దశ) నడపగల స్థాయికి పెంచడమే ప్రీఆంప్ పని. ముందు ఇన్‌పుట్‌లో కలిపినప్పుడు ఆ పని రెండుసార్లు జరిగింది. రిటర్న్‌లో కలిపితే ఆంప్‌లోని ప్రీఆంప్ పక్కకు తప్పుకుంటుంది, కానీ కొన్ని ఆంప్‌లలో మాస్టర్ కూడా లూప్‌కు ముందే ఉండడం వల్ల అదీ తప్పుకుంటుంది, మీది అటువంటిదే. ఇక మీ చేతిలో మిగిలింది పెడల్ లెవెల్ ఒక్కటే. తక్కువ వాట్ల ఆంప్ కొనాలన్న ఆలోచన వద్దు: 40 నుంచి 20 వాట్లకు దిగినా తగ్గేది 3 డెసిబెల్సే.

రెండో జవాబు:
నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండు మోనో జాక్‌లు, 10 కిలో ఓమ్‌ల లాగ్ (తిప్పేకొద్దీ శబ్దం చెవికి సమానంగా మారినట్టు వినిపించే) పొటెన్షియోమీటర్, అంటే నాబ్‌తో తిప్పే రెసిస్టర్ (పాట్), 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్, చిన్న లోహపు డబ్బా కొని, పెడల్‌కూ రిటర్న్‌కూ మధ్య పెట్టుకున్నాను. ఇన్‌పుట్ జాక్ నుంచి వచ్చే తీగకు రెసిస్టర్‌ను వరుసలో కలిపి, దాని రెండో కొసను పాట్ ఒక చివరి కాలికి, మరో చివరి కాలిని గ్రౌండ్‌కు, మధ్య కాలిని అవుట్‌పుట్‌కు టంకం వేయాలి. అప్పుడు నాబ్ పూర్తిగా తెరిచినా సంకేతం పావు వంతుకు లోపలే వెళ్తుంది కాబట్టి, ఇదివరకు వెంట్రుకవాసిలో ఇరుక్కున్న సర్దుబాటు నాబ్ అంతటా పరుచుకుంటుంది. లీనియర్ పాట్ మాత్రం తీసుకోకండి. నేను మొదట గిటార్‌లో వాడే 250 కిలో ఓమ్‌ల పాట్ వేశాను. కేబుల్ కెపాసిటెన్స్ వల్ల పై స్వరాల మెరుపంతా పోయింది.

మూడో జవాబు:
పై సలహా సరైనదే, అయితే ఒక హెచ్చరిక. ఆ డబ్బాను ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. అక్కడ ఓమ్‌లకూ వాట్లకూ సరిపోయే అటెన్యుయేటర్‌నే (స్పీకర్‌కు వెళ్లే శక్తిని తగ్గించే పరికరం) వాడాలి. స్పీకర్ లోడ్ లేకుండా వాల్వ్ ఆంప్‌ను నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మరో సంగతి: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రం పలుచగా వినిపిస్తుంది కనుక, బాస్, ట్రెబుల్ నాబ్‌లను మీరు వాయించే స్థాయిలోనే సర్దుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం డబ్బా తయారుచేశాను. నాబ్ సగం దాకా తిప్పినా గదిలో మామూలుగా మాట్లాడుకోగలుగుతున్నాం. బాస్ కొంచెం పెంచాల్సి వచ్చింది. నాబ్ తిప్పేటప్పుడు సన్నని కరకర వినిపిస్తోంది. గ్రౌండ్ టంకం మళ్లీ వేసి చూస్తాను.