ఒకే స్టాఫ్‌లో రెండు వాయిస్‌లు: రంగు ఫైల్లోనే ఉండాలా, తెర మీద ఉంటే చాలా?

ఆల్టో వరస:
నాలుగు గొంతుల పాట ఒకటి మ్యూజ్‌స్కోర్‌లో (పాశ్చాత్య స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నాను. ఆడగొంతుల్లో పైదైన సోప్రానో, కిందిదైన ఆల్టో పై స్టాఫ్‌లో (నోట్లు రాసే ఐదు గీతల వరస), మగగొంతుల్లో పైదైన టెనార్, కిందిదైన బాస్ కింది స్టాఫ్‌లో. ఆల్టో నోట్లు కొన్ని ఎర్రగా, కొన్ని ముదురు పసుపుగా కనిపిస్తున్నాయి. వాటికి నలుపు రంగు ఇచ్చి చూశాను, మారట్లేదు. నొక్కితే ఆకుపచ్చగా అవుతున్నాయి, వదిలేయగానే మళ్లీ ఎరుపే. ఇదెలా పోతుంది? ఇంకో సంగతి. ఇది సర్దుకున్నాక సోప్రానోకి నీలం, ఆల్టోకి ఆకుపచ్చ, ఇలా ఒక్కో వాయిస్‌కి (అంటే ఒక్కో గొంతు వరసకి) ఒక్కో రంగు వేసి పాడేవాళ్లకు కాగితాలు ఇద్దామనుకుంటున్నాను. మా బృందంలో కొందరు వద్దంటున్నారు. మీరేమంటారు?

ఐదు గీతలు:
ముందు ఎరుపు సంగతి చూద్దామండీ. మీకు కనిపించేవి రెండు వేర్వేరు రంగులు. నొక్కినప్పుడు వచ్చే ఆకుపచ్చ వాయిస్ గుర్తు: ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ, మూడు నారింజ, నాలుగు ఊదా. ఆ ఎరుపు, పసుపు మాత్రం శ్రుతి హద్దు (పాడగల ఎత్తు పల్లాల పరిధి) దాటిందన్న హెచ్చరిక. అలవాటు లేనివాళ్లకు కష్టమైన నోటు పసుపు, ఆరితేరినవాళ్లకూ అందనిది ఎరుపు. మీరిచ్చిన నలుపు ఫైల్లో చేరే ఉంటుంది, తెర మీద హెచ్చరిక దాన్ని కప్పేస్తోంది. పీడీఎఫ్ తీసి చూడండి, నల్లగానే వస్తుంది.

అసలు తిరకాసు ఎక్కడంటే, ఆ హద్దు వాయిస్‌ది కాదు, స్టాఫ్‌కి తగిలించిన వాద్యానిది. పై స్టాఫ్‌ని సోప్రానోగా పెట్టి ఉంటారు. ఆల్టో మిడిల్ సి (పియానో నడిమి సి స్వరం) కిందికి, జి దాకా దిగడం మామూలే. కానీ సాఫ్ట్‌వేర్ ఆ నోటునీ సోప్రానో కొలతతోనే చూస్తుంది. స్టాఫ్ ప్రాపర్టీస్‌లో వాడుక హద్దును ఆల్టో అడుగు దాకా పెంచండి, పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో హెచ్చరికనే ఆపేయొచ్చు గానీ నేనైతే ఆపను. టెనార్‌కి విడిగా ట్రెబుల్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే స్టాఫ్ మొదట్లో ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) స్టాఫ్ రాసినప్పుడు, కింద 8 అంకె లేని క్లెఫ్ పడితే వరస మొత్తం ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పోయి ఎర్రబడుతుంది. ఆ పొరపాటును చటుక్కున పట్టించేది ఈ ఎరుపే.

ఇక కాగితం మీద రంగులా? వద్దు. సోప్రానో స్టెమ్‌లు (నోటు తలకు ఉండే నిలువు గీతలు) పైకి, ఆల్టోవి కిందికి. ఎవరి వరస ఏదో చెప్పడానికి అది చాలు.

రిహార్సల్ గది:
చదవడం వచ్చినవాళ్లకు చాలు. కొత్తగా చేరినవాళ్లకు చాలదు. రెండు వాయిస్‌లూ ఎనిమిదో నోట్లతో (పొట్టి నోట్లు) కదిలే బార్‌లో (తాళపు గడి), పైగా ఆల్టో సోప్రానోని దాటి పైకి వెళ్లిన చోట, కన్ను స్టెమ్‌ని వెతుక్కునేలోపు పాట ముందుకు వెళ్లిపోతుంది. రంగు అదే క్షణంలో కనబడుతుంది. ఇదేదో సాఫ్ట్‌వేర్ వచ్చాక పుట్టిన అలవాటు కూడా కాదు. 11వ శతాబ్దంలోనే ఇటలీ సన్యాసి గ్విడో ఎఫ్ గీతను ఎర్రగా, సి గీతను పసుపుగా గీయమన్నాడు. 14వ శతాబ్దపు రాతప్రతుల్లో ఎర్ర నోట్లున్నాయి.

వేయడం కూడా తేలికే. ఒక స్టాఫ్ మొత్తం ఎంచుకుని, సెలెక్షన్ ఫిల్టర్‌లో మీకు కావలసిన వాయిస్ ఒక్కటే ఉంచి, మిగతా మూడింటి టిక్కులు తీసేసి, ప్రాపర్టీస్‌లో రంగు ఇవ్వండి.

ఐదు గీతలు:
ఆ ఎర్ర నోట్లు నా వాదనకే బలం. అక్కడ రంగు మారితే కాలం మారేది: రెండు నల్ల నోట్ల కాలంలో మూడు ఎర్రవి. అంటే రంగు సంగీతంలో భాగం, తీసేస్తే పాటే తప్పవుతుంది. మీరు చెప్పే రంగు అలా కాదు, స్టెమ్ చెప్పిందే మళ్లీ చెబుతుంది. నలుపు తెలుపు జిరాక్స్ తీయగానే లేత బూడిదగా మిగులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పురుషులు కొన్ని జనాభాల్లో 8 శాతం దాకా ఉంటారు, వాళ్ల సంగతేంటి? అన్నిటికన్నా పెద్ద చిక్కు యూనిసన్. రెండు వాయిస్‌లు ఒకే నోటు మీద కలిసినప్పుడు తల ఒక్కటే, స్టెమ్‌లు రెండు. ఆ తలకు ఏ రంగు? నీలం కనిపిస్తే ఆల్టోవాళ్లు తమ నోటు లేదనుకుని ఆగిపోతారు.

చెక్కుడు పని:
నేను లిలీపాండ్ (స్వరాలను అక్షరాలుగా టైపు చేసే సాఫ్ట్‌వేర్) వాడతాను. అక్కడ నోటు తలకు రంగిస్తే తలకే వస్తుంది. స్టెమ్, బీమ్ (స్టెమ్‌లను కలిపే అడ్డగీత), ఫ్లాగ్ (స్టెమ్ చివరి తోక) దేనికది విడిగా చెప్పాలి. దాంతో మీరన్న యూనిసన్ చిక్కుకి ఒక దారి దొరుకుతుంది: తలలు నల్లగా ఉంచి స్టెమ్‌లకే రంగు వేయడం. తల ఇద్దరిదీ, స్టెమ్ మాత్రం ఎవరిది వారిది.

సిబేలియస్, డోరికో సాఫ్ట్‌వేర్లలో వాయిస్ రంగులు వ్యూ మెనూలో ఉంటాయి. తెర మీద చూసి తప్పులు దిద్దుకోవచ్చు, ఫైల్లో ఏమీ చేరదు. చేత్తో వేసిన రంగు అలా కాదు. మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌లో (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి స్వరలిపి పంపే ఫైల్ రకం) నోటుకి రంగు రాసే చోటుంది కాబట్టి అది ఫైల్‌తో పాటు ప్రయాణం చేస్తుంది, అందుకున్నవాళ్లకు ఎందుకు వేశారో తెలియదు. ఫినాలే అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మకం 2024 ఆగస్టులో ఆగిపోయాక కొందరు మ్యూజ్‌స్కోర్‌కి వచ్చారు. ఫినాలేలో రెండో లేయర్ (అక్కడ వాయిస్ లాంటిదే) తెర మీద ఎర్రగా కనిపించేది. వాళ్లు మ్యూజ్‌స్కోర్ ఎరుపును కూడా రెండో వాయిస్ అనుకుని, ఉన్న వాయిస్‌ని మార్చి పాడుచేసుకుంటారు. కాబట్టి అసలు ఫైల్ మాత్రం ఎప్పుడూ నల్లగానే ఉంచండి.

ఆల్టో వరస:
హద్దు పెంచాను, ఎరుపు పసుపు రెండూ పోయాయి. నేనిచ్చిన నలుపు కింద ఉందనే తెలియలేదు ఇన్నాళ్లూ. ధన్యవాదాలండీ అందరికీ.

రంగు కాపీ మాత్రం చేస్తున్నాను, వేరే పేరుతో, కొత్తవాళ్ల కోసమే. స్టెమ్‌లకే రంగు, అదీ నీలం, నారింజ. కానీ హోల్ నోట్లకు (బోలు తల మాత్రమే ఉండే పొడుగు నోట్లు) స్టెమ్ ఉండదు కదా, చివరి రెండు బార్లు అవే. అక్కడ ఏం చేయాలి?

రిహార్సల్ గది:
అక్కడ తలలకే రంగు వేయండి. యూనిసన్ హోల్ నోటు వస్తే రెండు తలలూ పక్కపక్కన కనిపించేలా ఒకదాన్ని కాస్త జరపండి. ఆ కాపీని మీరు ఇంకెవరికీ పంపరు కాబట్టి జరిపినా నష్టం లేదు.

ఐదు గీతలు:
నేనైతే ఆ రెండు బార్లకే నాలుగు స్టాఫ్‌లు విడదీసి రాస్తాను. రంగు అవసరమే రాదు.