చదరంగం గళ్ళ పద్యం: అబ్ధి నాలుగా, ఏడా?

అరండల్‌పేట మాస్టారు:
తెలుగులో గణితం రాసిన కవి పావులూరి మల్లన పద్యం అడిగారు కదా నిన్న, సంఖ్య ఉన్నంతవరకు పెడుతున్నా.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, అలా 64 గళ్ళూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇది. ఇందులో ప్రతి మాటా ఒక అంకెకు గుర్తు, శర 5, శశి 1, షట్క 6 అనుకుంటూ కుడి నుంచి ఎడమకి పేర్చాలి, చివర కుంజర 8, తుహినాంశు 1. వచ్చేది 18446744073709551615. ఇరవై అంకెలు చంపకమాలలో యతి ప్రాస చెడకుండా కూర్చాడు, మామూలు విషయం కాదు.

బ్రాడీపేట బాబాయి:
బాగుంది మాస్టారూ. వియన్నగాగ్నిలో ఉన్నది నగమా నాగమా? నాగం అయితే 8 కదా.

అరండల్‌పేట మాస్టారు:
నగమే బాబాయి గారూ, అంటే కొండ, 7. నాగం పెడితే వియన్నాగాగ్ని అవుతుంది, అక్కడ జగణం చెడుతుంది. లెక్క కూడా ఒప్పుకోదు. నాలుగుని నాలుగుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా అందులో ఒకటి తీసేస్తే మూడుతో పోయి తీరాలి, 3, 15, 63, 255 చూడండి, మనదీ ఆ వరసలోదే, 32వది. పద్యంలో అంకెలు కూడితే 87, మూడుతో పోతుంది. నాగం అయితే 88, పోదు.

బ్రాడీపేట బాబాయి:
మరి సముద్రాలు ఏడంటారుగా, అబ్ధికి 7 ఎందుకు వెయ్యకూడదు?

అరండల్‌పేట మాస్టారు:
ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే మాట అదే కాబట్టి ఛందస్సు ఇక్కడ ఏమీ చెప్పదు, మూడు పరీక్ష కూడా పట్టుకోలేదు, నాలుగు తీసి ఏడు వేస్తే మొత్తం 90 అవుతుంది, అదీ మూడుతో పోతుంది. అప్పుడు ఒకటి కలిపి సగం చేసుకుంటూ పోవాలి. అసలు సంఖ్యని 64 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అబ్ధికి 7 వేశారనుకోండి, పన్నెండు సార్లు సగం చేసేసరికి బేసి సంఖ్య వచ్చి ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ నాలుగే. పయోనిధి కూడా సముద్రమే, అదీ అంతే, కాకపోతే అది పదహారో సారికి ఆగుతుంది.

బెజవాడ కుర్రాడు:
సార్ ఇది మా కోడింగ్‌లో 64 బిట్ అన్‌సైన్డ్ ఇంటీజర్‌కి, అంటే మైనస్ లేని 64 బిట్ల పూర్ణసంఖ్యకి, మ్యాక్సిమమ్ వాల్యూ!! ఇంకో సంగతి, దీన్ని ముందు గుణకారంగా రెండు ముక్కలు చేస్తే 4294967295, 4294967297 వస్తాయి, ఆ రెండోది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు, 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపించాడు, భాగఫలం 6700417. అంటే మల్లన పద్యం కూడా 641తో పోతుందన్నమాట.

అరండల్‌పేట మాస్టారు:
అబ్బాయ్, మొదటి ముక్క కూడా విడగొట్టి పెట్టు, 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. మూడో పాదంలో సంఖ్యకు తర్వాతి భాగానికి పాఠభేదాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి పెట్టండి.