ఫాల్‌లో (ఆకురాలే కాలంలో) ఆఫీసుకి బట్టలు: 150 డాలర్లలో ఎలా?

నమస్తే అండి. మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. పాప పుట్టాక రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. అక్టోబర్ మూడో వారం నుంచి మళ్ళీ మాన్‌హాటన్ ఆఫీసుకి వెళ్ళాలి. పొద్దున ఏడింటికి రైలు కోసం నిలబడితే వణుకు, పెన్ స్టేషన్‌లో దిగేసరికి ఉక్క. ఏం వేసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

పాత ప్యాంట్లేవీ నడుం దగ్గర పట్టడం లేదు. నల్లది ఒక్కటి హుక్కు పక్కకి జరిపి కుట్టుకున్నాను. అమ్మ పంపిన మంగళగిరి కాటన్ కుర్తీలు నాలుగున్నాయి, అవంటే నాకు ప్రాణం. వాటి మీదికి బ్లేజర్ నప్పుతుందా, కార్డిగన్ (ముందు బొత్తాలుండే స్వెటర్) మేలా?

బూట్లతో కలిపి 150 డాలర్లు దాటకూడదు. ఇక్కడ బట్టలకి సేల్స్ టాక్స్ లేదు, అదొక్కటే ఊరట. థ్రిఫ్ట్ స్టోర్లలో (వాడిన బట్టలు అమ్మే షాపుల్లో) ఉన్ని బ్లేజర్లు కొన్నవాళ్ళుంటే, కొనేముందు ఏం చూసుకోవాలో చెప్పండి, ప్లీజ్.