కొత్త సెల్ఫ్ మోటార్ వేయించినా ఇంజిన్ తిరగట్లేదు, టక్ అని ఆగిపోతోంది

నాగోల్_చిన్నకారు:
అన్నలూ, కాస్త చూసి చెప్పండి. 2012 మోడల్ పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. కొన్నాళ్లుగా పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒకసారి పట్టేది, ఇంకోసారి మోటార్ ఒక్కటే గిర్రున తిరిగి ఊరుకునేది. మా ఏరియా మెకానిక్‌కి చూపిస్తే సెల్ఫ్ పోయింది, రిపేరు చేసినా నిలబడదు అని రాణిగంజ్ నుంచి కొత్తది తెప్పించి బిగించాడు. ఇక అప్పటి నుంచి ఇంజిన్ అసలు కదలట్లేదు. తాళం తిప్పితే బానెట్ లోపల ఒకే ఒక్క 'టక్', అంతే. హారన్ బ్రహ్మాండంగా మోగుతోంది, హెడ్‌లైట్లు ఫుల్, ఏసీ ఫ్యాన్ కూడా తిరుగుతోంది. మెకానిక్ ఏమో వచ్చిన పీసే డిఫెక్ట్, ఇంకోటి వేద్దాం అంటాడు. షాపతను ఏమో ఒకసారి బిగించిన ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోం అంటాడు. మధ్యలో నలిగేది నేను. బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇరుక్కుంది, టోయింగ్ వ్యాన్ ర్యాంప్ దిగదు. రెండోది కొనే ముందు నేనే చూసుకోగలిగేది ఏమైనా ఉందా? సంబంధం ఉందో లేదో తెలీదు కానీ, వరసగా తాళం తిప్పుతుంటే బానెట్ కింద ప్లాస్టిక్ కాలిన వాసన లాంటిది వచ్చింది, భయమేసి వదిలేశా.

కూకట్‌పల్లి_రైడర్:
బ్యాటరీ బ్రో, డౌటే లేదు. హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్లు తీసుకుంటాయేమో, సెల్ఫ్ అయితే వందకు పైనే లాగుతుంది. లైట్లు వెలిగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. పక్క బండి బ్యాటరీకి జంపర్ కేబుళ్లు కలిపి స్టార్ట్ చేసి చూడు.

మలక్‌పేట్_వాన:
ఈ మధ్య వానల్లో నీళ్లలోంచి ఏమైనా తీసుకెళ్లావా తమ్ముడూ? మా దగ్గర రైల్వే బ్రిడ్జి కింద నిలిచే నీళ్లలో దింపిన బండ్లు ఇలాగే 'టక్' దగ్గర ఆగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్‌లోకి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాదు, ఎన్ని సెల్ఫ్‌లు మార్చినా అంతే. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ తడిగా ఉందేమో చూడు. పొడిగా ఉంటే మూడో గేర్‌లో పెట్టి, తాళం ఆఫ్‌లో ఉంచి, ఇద్దరు ముగ్గురు కలిసి బండిని ముందుకు తోయండి. కుదుపుతోనైనా ఇంజిన్ తిరిగితే జామ్ కాలేదన్నట్టే.

స్పానర్_భయ్యా:
ఇంత కథ దేనికి, సెల్ఫ్ మీద మందపాటి వైరు నట్టుకీ చిన్న వైరు పిన్నుకీ స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టు, తిరిగితే సెల్ఫ్ మంచిదే.

మౌలాలి_వైరింగ్:
భయ్యా, ఆ పని గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూడకుండా చేస్తే బండి మనిషి మీదకు దూకుతుంది, దయచేసి కొత్తవాళ్లకు చెప్పకు. పైగా ఇక్కడ దాని అవసరమే లేదు. 'టక్' వచ్చిందంటే తాళం నుంచి సోలినాయిడ్‌కి, అంటే సెల్ఫ్ మీదుండే పెద్ద కరెంటు స్విచ్‌కి, సిగ్నల్ వెళ్తోంది, అంటే తాళం స్విచ్, రిలే, చిన్న వైరు, ఇవన్నీ దాదాపు బాగున్నట్టే. అసలు చప్పుడే రాకపోతే అప్పుడు వాటిని వెతకాలి, కొన్ని బండ్లలో క్లచ్ స్విచ్‌నీ, దొంగతనం జరక్కుండా బండిని ఆపే ఇమ్మొబిలైజర్‌నీ కూడా.

నాగోల్ తమ్ముడూ, నువ్వు చివర్లో సంబంధం ఉందో లేదో అని రాసిన వాసనే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ఇంజిన్, గేర్‌బాక్స్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటాయి, కాబట్టి వాటికీ బాడీకీ మధ్య కరెంటుకు నేరుగా దారి ఉండదు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక వైరు, ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో మరో మందపాటి ఎర్త్ వైరు ఉంటాయి, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి అదే. హారన్, లైట్లు బాడీ ఎర్త్ మీద నడుస్తాయి, అందుకే నీకు అవన్నీ ఫుల్‌గా ఉన్నాయి. సెల్ఫ్ మాత్రం తన ఒంటి ద్వారా ఇంజిన్ ఎర్త్ తీసుకుంటుంది. ఆ వైరు ఊడిపోతే కరెంటు ఊరుకోదు, గేర్‌బాక్స్ నుంచి బాడీకి తగులుతూ ఏది దొరికితే అందులోంచి పోతుంది. సాధారణంగా దొరికేవి క్లచ్ కేబుల్, గేర్ కేబుల్, ఆక్సిలరేటర్ వైరు. ఆ సన్నటి ఉక్కు తీగ వేడెక్కి పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కాలుతుంది. ఇంకోసారి తాళం తిప్పకు, ముందు బానెట్ ఎత్తి క్లచ్ కేబుల్ తొడుగు ఎక్కడైనా మెత్తబడిందేమో, మెరుస్తూ కరిగినట్టుందేమో చూడు.

మీటరు లేకపోయినా పరీక్ష చేయొచ్చు. జంపర్ కేబుళ్లలో నల్లది ఒక్కటే తీసుకో, ఎర్రది ముట్టుకోవద్దు. ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి, రెండోది బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద పెయింటు లేని గట్టి ఇనుప భాగానికి, ఇంజిన్ ఎత్తే హుక్కు ఉంటే దానికి. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగిందంటే దొంగ దొరికినట్టే, తప్పు ఇంజిన్ ఎర్త్ వైరుదే. అలా చేసినా తిరగకపోతే కోఠి గుజరాతీ గల్లీలో చిన్న మల్టీమీటర్ కొనుక్కో, సెల్ఫ్ ధరలో అది ఏ మూలకీ రాదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్ పోలుకీ ఇంజిన్‌కీ మధ్య చూడు: 0.2, 0.3 దాకా ఫర్వాలేదు. తర్వాత బ్యాటరీ ప్లస్‌కీ సెల్ఫ్ మీద మందపాటి వైరు బోల్టుకీ మధ్య చూస్తే అర వోల్టు దాటకూడదు. దాటిన వైపే తప్పు. బ్యాటరీ వైరు క్లిప్పు మీద కాదు, బ్యాటరీ సీసపు పోలు మీదే మీటరు పుల్ల ఆనించాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

కూకట్‌పల్లి అన్నది కొట్టిపారేయను, బ్యాటరీ వీక్ అయినా టక్ వస్తుంది. కానీ బ్యాటరీ వీక్ అయితేనూ, మలక్‌పేట్ అన్న చెప్పినట్టు ఇంజిన్ జామ్ అయితేనూ తాళం తిప్పగానే లైట్లు బాగా పడిపోతాయి. తమ్ముడూ, నీకు లైట్లు పడుతున్నాయా?

నాగోల్_చిన్నకారు:
లేదన్నా, తాళం తిప్పినప్పుడు లైట్లు కొంచెం తగ్గి మళ్లీ మామూలుగానే ఉన్నాయి. నీళ్లలోకి కూడా తీసుకెళ్లలేదు.

పై ఫ్లాట్ అంకుల్ దగ్గర జంపర్ కేబుల్ తెచ్చి మీరు చెప్పినట్టే నల్లది ఒక్కటే పెట్టా. ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది!! వెంటనే ఆఫ్ చేసి టార్చ్ వేసి కింద చూస్తే గేర్‌బాక్స్ పక్కన మందపాటి నల్ల వైరు ఒకటి గాల్లో వేలాడుతోంది, చివర బోల్టు దూరే రింగు లగ్గు, దాని మీద గ్రీజు, మట్టి. పక్కనే ఖాళీ బోల్టు రంధ్రం. క్లచ్ కేబుల్ పెడల్ వైపు ఒకచోట తొడుగు ఉబ్బినట్టుంది. మెకానిక్‌కి ఫోటో పంపా, చూశాడు కానీ ఇంకా ఏమీ అనలేదు. బోల్టు నేనే వేసేయొచ్చా?

మౌలాలి_వైరింగ్:
వేసేయ్. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్, లగ్గునీ అది కూర్చునే చోటునీ ఎమెరీ పేపరుతో లోహం శుభ్రంగా మెరిసే దాకా రుద్దు. బోల్టు మాత్రం అదే మర ఉన్నదే దొరకాలి, పాత బోల్టు మెకానిక్ దగ్గరే ఉంటుంది, అడుగు. బ్యాటరీ మైనస్ అన్నిటికన్నా చివర పెట్టు. క్లచ్ కేబుల్‌ని మాత్రం నమ్మకు. లోపల ప్లాస్టిక్ కరిగి ఉంటే కొన్నాళ్లకు బిగుసుకుంటుంది లేదా ట్రాఫిక్‌లో పుటుక్కుమంటుంది, మార్పించేయ్. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మెకానిక్‌తో నువ్వే తేల్చుకో, నన్నడిగితే అతనే.

ఇంకోటి, పాత సెల్ఫ్ వాపసు తెచ్చుకో. గిర్రున ఒక్కటే తిరిగేది అన్నావు కదా, అది చాలావరకు బెండిక్స్, అంటే సెల్ఫ్‌ని ఇంజిన్ పళ్లకు కలిపే గేరు, జారడమే, మోటార్ మంచిదే అయ్యుండొచ్చు.

స్పానర్_భయ్యా:
బెండిక్స్, కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు వేయించి పక్కన పెట్టుకో, స్పేర్‌గా పనికొస్తుంది. పాతది ఇవ్వనంటే కొత్తదాని ధరలో తగ్గించమను.