38 రివాల్వర్: తప్పు గుండుదా, దాన్ని ఎంచినోళ్లదా?

గోల్కొండ_38:
ఠాణాల్లో ఇచ్చే 38 పనికిరాదని రివాల్వర్‌ని తిట్టకండి, గుండుని తిట్టండి. బ్రిటిష్‌వాళ్లు ఈ రివాల్వర్ తూటా 380కి మొదట పెట్టింది 200 గ్రెయిన్ల మెత్తటి సీసం, సుమారు 13 గ్రాములు. 1930ల చివర దాన్ని మార్చి 178 గ్రెయిన్లకి లోహపు తొడుగేశారు. సాకు, ఒంట్లో విచ్చుకునే గుండ్లు యుద్ధంలో వద్దన్న 1899 హేగ్ ప్రకటన. అది దేశాల మధ్య యుద్ధానికి రాసుకున్నది, ఠాణాకి దాంతో ఏం పని? అమెరికా పోలీసులకి ఇదే 38లో ఆ గొడవ లేకపోయింది.

సీసం_రావు:
"ఇదే 38" ఎట్లయితది? 380 కేసు (తూటా డొప్ప) పొడవు 19.7 మి.మీ., అమెరికావాళ్ల 38 స్పెషల్‌ది 29.3. గుండు వ్యాసం 9.17కి 9.07. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 380 కోసం చేసిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ రివాల్వర్ల చాంబర్లు (తూటా కూర్చునే గదులు) లోతుకి తొలిచి స్పెషల్ వేశారు. వెనకవైపు పాత వెడల్పే ఉంది కాబట్టి కాల్చగానే కేసు ఉబ్బుతది, ఒక్కోసారి చీలుతది. ముందు అది చూడండి.

నాంపల్లి_నవాబు:
కొలతలు మొదలైనయ్. ఎవరన్నా ఇరానీ చాయ్ చెప్పుర్రి.

గోల్కొండ_38:
కొలత తప్పే రావు గారూ, ఒప్పుకున్నా. స్పెషల్‌లోనూ ఏళ్లతరబడి నడిచింది 158 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు సీసమే. నెమ్మదిగా పోతూ సన్నటి బెజ్జం చేసి అవతల తేలేది. అక్కడ దానికి "విడో మేకర్" అని పేరు, విధవలయ్యేది పోలీసుల భార్యలే. 1970లలో ఎఫ్‌బీఐ అదే బరువులో తొడుగు లేని, ముక్కుకి గుంట ఉన్న ప్లస్ పీ (ఎక్కువ ఒత్తిడితో పేలే) గుండు తీసుకుంది. తొడుగు లేదు గనకే పొట్టి గొట్టంలోంచి వచ్చినా విచ్చుకునే వీలుంది.

సీసం_రావు:
మరి మీ 200 గ్రెయిన్ల సీసం విచ్చుకునేదా? సెకనుకి 190 మీటర్ల వేగంలోనా! తగిలాక అడ్డం తిరుగుతుందని దాని మీద నమ్మకం, అంతే. తొడుగు మీద నెట్టేసి తప్పించుకోకండి.

గోల్కొండ_38:
రెండు పోస్టుల్నుంచి తప్పులు పట్టడమే. అసలు మీకు ఏ గుండు కావాలి?

సీసం_రావు:
విచ్చుకునేదైతే వద్దు. బేగంబజార్ సందులో తగలకుండా పోయిన గుండు ఎవరికి తగిలినా గాయం పెద్దదే. మీ లెక్కంతా తగిలిన గుండు గురించే.

గోల్కొండ_38:
ఇది మొదటే చెప్తే అయిపోయేది గదా! నా భయం దూసుకుపోయి వెనకాయనకి తగిలేదాని గురించి.

రామంతాపూర్_శీను:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. మెత్తటి సీసం ఎముకకి తగిలి నలిగితే దాని మీద గొట్టం వేసిన గీతలు చెరిగిపోతయ్. తొడుగున్న గుండు మీద చాలావరకు నిలుస్తయ్. ఎవరి రివాల్వర్ పేలిందో తేల్చాల్సినప్పుడు మైక్రోస్కోప్ కింద పనికొచ్చేది ఆ గీతలే.