ఎండాకాలంలో ఆవు పాల ఫ్యాట్ పడిపోయేది ఎండ వల్లా, మేత వల్లా?

మదనపల్లె ఆవులు
అందరికీ నమస్కారం. నాకు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి. సంక్రాంతప్పుడు పాల కేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం) 4.0, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న, నీళ్లు పోను పాలలో మిగిలే గట్టి పదార్థాల శాతం) 8.5 వచ్చేది. ఇప్పుడు మే మొదటి వారం, 3.1, 8.0 వస్తోంది. లీటర్లు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఆవు పాలలో కనీసం 3.2 ఫ్యాట్, 8.3 ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు కదా. దాని కిందికి పోయేసరికి మొన్న కేంద్రంలో క్యాను మూత తీస్తూ ఒకాయన "ఏమన్నా, ఈ ఎండల్లో కూడా మీ బోరులో నీళ్లు బాగానే ఉన్నట్టున్నాయే" అన్నాడు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి అన్నం సయించలేదు.

మా అన్న ఎండ అంటాడు. అందరికీ పడుతుంది, వానొస్తే అదే లేస్తుంది అని. నాకు మేత మీదే అనుమానం. మార్చికల్లా చెనక్కాయ కట్టె (వేరుశనగ ఎండుమేత) వామి అయిపోయింది. బోరు కింద నేపియర్ గడ్డి ఉంటే నెల పెరిగిందల్లా కోసి వేస్తున్నాను. పాలు తగ్గకూడదని ఆవుకు 5 కిలోల దాణాను 7 కిలోలు చేసి, పైన కిలో మొక్కజొన్న పిండి పెడుతున్నాను. మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?

తెనాలి గేదెలు
మీ అన్నగారిది తప్పండి. ఎండే కారణమైతే మా గేదెలకీ పడాలి. మా దగ్గర ఏడాది పొడుగునా వరిగడ్డే, తవుడు, పత్తిగింజల చెక్క. జనవరిలో 7 ఉన్న ఫ్యాట్ ఇప్పుడు 8 దాటింది.

సిద్దిపేట లక్ష్మి డైరీ
అన్నా, గేదెలకూ ఆవులకూ పోలికేంటి? మీ గేదెలు ఎప్పుడు ఈనాయి?

తెనాలి గేదెలు
దసరాకి, దీపావళికి మధ్య.

సిద్దిపేట లక్ష్మి డైరీ
అదీ సంగతి. ఈని ఏడు నెలలైంది, పాలు సగమై ఉంటాయి. వట్టిపోయే ముందు ఫ్యాట్ పెరగడం మామూలే. మీది ఈత లెక్క, కాలం లెక్క కాదు.

నా లెక్క చెప్తాను. పది ఆవులు. దాణా, చొప్ప, పచ్చిగడ్డి అన్నీ తూకం వేసే పెడతాను. ఫిబ్రవరి నుంచి ఒక్క గ్రాము మార్చలేదు. అయినా 4.1 నుంచి 3.6కు పడింది. మేత మారలేదు, ఎండ మారింది. ఇంకేం కావాలి?

తెనాలి గేదెలు
వేసింది తూచారు, బాగుంది. గాడిలో మిగిలింది తూచారా అక్కా?

నమ్మకం లేని రైతు
మీరంతా ఆవుల్ని అంటున్నారు గాని మెషిన్ని ఎవరూ అనరేం? పాలు సరిగ్గా కలపకుండా పైపైన శాంపిల్ తీస్తే ఏ అంకెయినా వస్తుంది. పాలు వెచ్చగా ఉంటే పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు కూడా తక్కువే చూపిస్తుంది. గెర్బర్ పరీక్ష చేయించండి. 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ గాజు గొట్టంలో పోసి తిప్పితే వెన్న పైకొచ్చి గీతల దగ్గర నిలబడుతుంది. దాంతో ఎవరూ వాదించలేరు.

మదనపల్లె ఆవులు
చేయించానన్నా, తెలిసినవాళ్ల ల్యాబులో. 3.2 వచ్చింది. మెషిన్ తప్పేం లేదు.

సిద్దిపేట లక్ష్మి డైరీ
తెనాలి అన్నా, మీ మాట పట్టుకుని ఇవాళ పొద్దున గాడి ఊడ్చి తూచాను. ఒప్పుకోవాల్సిందే. దాణా చిటికెడు కూడా మిగల్లేదు. జొన్నచొప్ప మాత్రం ఆవుకు రెండు కిలోల దాకా మిగిలింది. ఆకులన్నీ ఏరుకుని తిని కాడలు పక్కకు నెట్టేశాయి. చలికాలంలో ఇవే ఆవులు గాడి నాకి పెట్టేవి. రోజూ ఊడ్చేసేది మా పనావిడ కాబట్టి నా కంట పడలేదు.

కానీ ఒక మాట. చొప్ప తిననీయకుండా చేసింది ఎండే కదా! కాబట్టి నేను ఇంకా ఎండ పార్టీయే.

వెటర్నరీ స్టూడెంట్, నాలుగో సంవత్సరం
అక్క చెప్పింది సగం నిజం. చొప్పలో ఉండే పీచు పెద్ద పొట్టలో పులిస్తే ఎసిటిక్ ఆమ్లం తయారవుతుంది. పొదుగు పాలలో వెన్న చేసుకునేది ఎక్కువగా దానితోనే. దాణా, పిండి పులిస్తే ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది. దాని నుంచి చక్కెర, ఆ చక్కెర నుంచి లీటర్లు. మదనపల్లె అన్నకు లీటర్లు నిలబడి ఫ్యాట్ పడిపోయింది ఇందుకే. అక్కడ తప్పు ఎండ మీదికి నెట్టలేం. కట్టె అయిపోయింది, పిండి పెరిగింది, నెలకే కోసిన నేపియర్‌లో నీళ్లే ఎక్కువ, పీచు తక్కువ.

ఎండకు సొంత పాపం కూడా ఉంది. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలం పొట్టలో పులుపును విరిచేస్తుంది. మధ్యాహ్నం ఆవు నోరు తెరిచి రొప్పుతుంటే ఆ లాలాజలం మూతి నుంచి నేలపాలవుతుంది. అందుకే వేసవిలో తినే సోడా రోజుకు 100 గ్రాముల దాకా దాణాలో కలపమంటారు. మీ డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. ఎస్‌ఎన్‌ఎఫ్ వేరే కథ. తిండి చాలకపోయినా పడుతుంది, లోలోపల పొదుగువాపు ఉన్నా పడుతుంది. అది ముందు పరీక్ష చేయించండి.

హైదరాబాద్ నెయ్యి
రైతును కాదు, కొనుక్కునేవాడిని. పచ్చిమేత తిన్న ఆవు పాలు చిక్కగా ఉంటాయంటారు కదా? వానాకాలంలో మాకొచ్చే ఆవు నెయ్యి పసుపుపచ్చగా ఉంటుంది మరి.

తెనాలి గేదెలు
రంగు వేరు, చిక్కదనం వేరండి. పచ్చిమేతలోని కెరోటిన్ ఆవు పాలలోకి వస్తుంది కాబట్టి పసుపు. గేదె దాన్ని విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది, అందుకే మా వెన్న తెల్లన. తొలకరి లేతగడ్డి మీద పడ్డ పశువుకి పాలు పెరుగుతాయి, ఫ్యాట్ పలచబడుతుంది. మీ అన్నగారితో చెప్పండి మదనపల్లె గారూ, వాన రాగానే లేస్తుందని ఆశ పెట్టుకోవద్దని.

ఇంకొకటి, పాలు ఎవరు పిండుతున్నారు? చివరి పాలు దూడకు వదిలేస్తున్నారా? మొదట వచ్చే పాలు ఒక గాజు గ్లాసులో, ఆఖరి పాలు ఇంకో గ్లాసులో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మొదటి గ్లాసు మీద గోరంత మీగడ, రెండో దాని మీద వేలు మందం. ఫ్యాటంతా ఆఖర్లోనే.

మదనపల్లె ఆవులు
పిండేది మా ఆవిడే, ఎప్పుడూ ఆమే. దూడలకు మొదటే వదులుతాం. అక్కడ మార్పు లేదు.

మదనపల్లె ఆవులు (మూడు వారాల తర్వాత)
చేసింది చెప్తాను. పిండి ఆపేశాను, దాణా 5 కిలోలకు దించాను. వరిగడ్డి కొన్నాను. ట్రాక్టరు బాడుగతో కలిపి ధర అడక్కండి. నేపియర్ ఇంకో పదిహేను రోజులు ముదరనిచ్చి కోస్తున్నాను. గడ్డి ఎక్కువ భాగం రాత్రి ఎనిమిది తర్వాత, మళ్లీ తెల్లవారుజామున. సోడా కూడా. పొదుగువాపు పరీక్షలో ఒక ఆవుకు ఒక చన్నులో తేడా వచ్చింది, మందు నడుస్తోంది.

ఇవాళ 3.6, 8.3. నాలుగింటికీ కలిపి రోజుకు మూడు లీటర్లు తగ్గింది. గడ్డి డబ్బులు తీస్తే చేతిలో మిగిలేది దాదాపు ముందున్నంతే, కాని కేంద్రంలో ఎవరూ బోరు గురించి అడగడం లేదు.

చిక్కొకటి వచ్చింది. మధ్యలో వాన పడింది. మా అన్న "చూశావా" అంటున్నాడు.

సిద్దిపేట లక్ష్మి డైరీ
వాన ఏ రోజు పడింది, ఫ్యాట్ ఏ రోజు లేచింది? స్లిప్పులు దాచారా?

మదనపల్లె ఆవులు
అన్నీ ఉన్నాయక్కా. వాన పడింది 24న. 21 నాటి స్లిప్పులోనే 3.4 ఉంది. చూపించాను. 21న మబ్బు పట్టింది కదా అంటున్నాడు.