ఓడిపోయిన సీజన్ మీద ఇంత మురిపెం ఎందుకు?

ప్రశ్న: ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చానండీ, ఆఫీసులో ఇప్పటికీ ఇక్కడి ఐస్ హాకీ జట్టు ఆయిలర్స్ 2023-24 సీజన్ ముచ్చట్లే. కప్పు రాలేదుగా, మరెందుకు?

జవాబు: మొదటి 13 మ్యాచుల్లో గెలిచింది మూడే. కోచ్ వుడ్‌క్రాఫ్ట్‌ని పంపించేసి, జట్టు స్టార్ ఆటగాడు మెక్‌డేవిడ్‌కి జూనియర్ రోజుల్లో కోచింగ్ ఇచ్చిన నాబ్లాక్‌ని తెచ్చారు, తర్వాత ఓ దశలో వరసగా 16 గెలిచారు, ఇంకొక్కటి గెలిస్తే పిట్స్‌బర్గ్ జట్టు రికార్డు సమమయ్యేది.

ఇంకో జవాబు: అసలు కథ ఏడు మ్యాచుల ఫైనల్లో ఉంది బాసూ. ఫ్లోరిడా జట్టు మీద 0-3తో వెనకబడి, అందరూ వదిలేసుకున్నాక 3-3 చేశారు. ఏడోది 2-1తో పోయింది. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీకి మెక్‌డేవిడ్ పేరు పిలిస్తే, మనిషి ఐస్ మీదకే రాలేదు. నేనైతే ఆ రాత్రి అన్నం తినలేదు.

ప్రశ్న అడిగినవారు: సరే, ఈ రాత్రికి ఏడో మ్యాచ్ హైలైట్స్ పెడతా.